షాపు రంగు

కొత్త ఫ్లాట్ టీవీని మొట్టమొదట ఆన్ చేసినప్పుడు అది ఒక ప్రశ్న అడుగుతుంది. నన్ను ఇంట్లో పెట్టారా, షాపులో పెట్టారా అని. ఇల్లు అని నొక్కితే రంగులు ఒద్దికగా వస్తాయి. షాపు అని నొక్కితే వెనక లైటు పూర్తిగా వెలిగి, ముదురు ఆకుపచ్చ కాస్తా చిలకపచ్చగా మారి, ఎరుపు కళ్లలో గుచ్చుకుని, చామనఛాయ మొహం తెల్లబడి, బొమ్మ మీదికి దూకుతుంది. జనగామలో టీవీల షోరూంలో పనిచేసిన మూడేళ్లలో ఎన్నో ఇళ్లలో ఆ ప్రశ్నకు నేను తప్పు జవాబే నొక్కాను. అన్నీ తెలిసే నొక్కాను. ఆ ఇళ్లలో మా ఇల్లు కూడా ఒకటి.

తెలంగాణ ఉద్యమం రోజులవి. బజార్లో దీక్షా శిబిరం, స్టేషన్లో రైల్ రోకో, నెలలో ఎన్ని రోజులు బందో ఎవరికీ లెక్క లేదు. పక్క దుకాణాలు ఈగలు తోలుకుంటుంటే మా షోరూం మాత్రం బాగా నడిచింది. హైదరాబాద్‌లో ఏమవుతుందో జనం పొద్దస్తమానం చూడాలి. అట్లా చూస్తుంటే ఇంట్లో ఉన్న పాత టీవీ మసకగా ఉందని అనిపించేది. మా సేటుది తాతల నాటి నుంచి వ్యాపారం చేసే ఇల్లు. బంద్ రోజున ముందు వైపు షట్టర్ దించి, శిబిరానికి నీళ్ల ప్యాకెట్లు పంపించి, సందు వైపు తలుపులోంచి టీవీలు అమ్మేవాడు. జై తెలంగాణ అని గట్టిగానే అనేవాడు. రెండు పనులూ మనస్ఫూర్తిగా చేసేవాడు కాబట్టి ఆయన మీద నాకేమీ కోపం లేదు. రెండింటికీ తలూపుతూ నిలబడ్డ నామీదే ఒళ్లు మండుతుంది.

గోడ నిండా టీవీలు. అన్నింటిలోనూ ఒకటే బొమ్మ నడిచేది. పూలు, రంగు చేపలు, మంచుకొండలు. గిరాకీ వచ్చినప్పుడు వార్తలు పెట్టొద్దని సేటు గట్టి ఆర్డరు.

"వార్తలల్ల మొఖాలు నల్లగ వస్తయ్. గిరాకొచ్చినోడు ముందుగాల మొఖమే జూస్తడు. పూలు పెట్టు" అనేవాడు.

వార్తల్లో ఉన్నది మనవాళ్లే. ఎండలో నడిచి వచ్చిన మొహాలు, దుమ్ము, పొగ. చవక టీవీల్లో ఒక ముదురు రంగుకూ ఇంకో ముదురు రంగుకూ మధ్య తేడా తెలియదు. నల్లటి జుట్టు, నల్లటి మొహం, నీడ, అన్నీ కలిసి ఒకటే ముద్ద. సినిమాల్లో మన మాటను జేబుదొంగల నోటా తాగుబోతుల నోటా పెట్టారని చిన్నప్పటి నుంచీ తిట్టుకుంటూ పెరిగినవాణ్ణి నేను. మన మొహం కనబడితే సరుకు అమ్ముడుపోదన్న మాటకు మాత్రం కిక్కురుమనలేదు. రిమోట్ తీసుకుని పూలు పెట్టాను.

చిల్పూర్ నుంచి రైతు వచ్చినా, నర్సింహులపేట నుంచి బడిపంతులు వచ్చినా నా పాట ఒకటే. "అన్నా, గిందుల ఒక కోటీ అరవై ఏడు లక్షల రంగులున్నయ్. మన కన్ను గూడ గన్ని పట్టది" అనేవాణ్ణి. వాళ్లు నోరు తెరుచుకుని చూసేవాళ్లు. నిజమేమిటో నాకు తెలుసు. ట్రైనింగ్‌కు వచ్చిన ఇంజనీరు టీ తాగుతూ చెప్పాడు. చవక రకం తెరలు చూపించగలిగేది రెండు లక్షల అరవై రెండు వేల రంగులే. మిగతావి పక్కపక్క చుక్కలను గబగబా మార్చి కంటిని నమ్మించేవి. ఇది గిరాకీకి చెప్పేది కాదు అన్నాడు. నేను చెప్పలేదు.

అంతకుముందు నేను పని నేర్చుకున్నది మహబూబాబాద్‌లో. మేమంతా మానుకోట అనే అంటాం. అక్కడ డబ్బా టీవీలు బాగుచేసే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. చాచా అని పిలిచేవాణ్ణి. ఆయన టీవీ వెనక కూర్చుని, ఎదురుగా కుర్చీ మీద అద్దం నిలబెట్టి, అద్దంలో బొమ్మ చూసుకుంటూ వెనక నుంచి స్క్రూడ్రైవర్‌తో రంగులు సరిచేసేవాడు. పాటలు వస్తుంటే ముట్టుకునేవాడు కాదు. వార్తలు చదివే మనిషి వచ్చేదాకా ఆగేవాడు.

"బేటా, మనిషి తోలు రంగు సీదా వచ్చిందనుకో, దునియాల అన్ని రంగులు సీదా వచ్చినట్టే" అనేవాడు.

ఆ మాట నిజమని నాకు అప్పుడే తెలుసు. అయినా ఫ్లాట్ టీవీలు వచ్చి చాచా దుకాణం ముందు జనం పలచబడగానే ఆయన్ని వదిలేసి జనగామ షోరూంలో చేరాను. ఇస్త్రీ చొక్కా, మెడలో గుర్తింపు కార్డు. పెద్దమనిషినైపోయాననుకున్నాను.

ఇళ్లలో కూడా షాపు రంగులే పెట్టే అలవాటు భూపాలపల్లిలో మొదలైంది. బొగ్గుబాయిలో పనిచేసే ఒకాయన మా దగ్గర ముప్పై రెండు ఇంచుల టీవీ కొన్నాడు. క్వార్టర్‌కు వెళ్లి గోడకు బిగించి, పద్ధతి ప్రకారం ఇల్లు అని నొక్కాను. బొమ్మ చక్కగా వచ్చింది. ఆయన రెండు నిమిషాలు చూసి, లేచి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"షాపుల జూపిచ్చిన టీవీ గిది గాదు. మార్చి తెచ్చినవ్" అన్నాడు.

కాదన్నా, ఇదే అది అన్నాను. పెట్టె మీది నంబరు చూపించాను. ఇరుగుపొరుగు వచ్చారు. వచ్చినవాళ్లంతా బొమ్మ చూసి గిది గాదు అనే తేల్చారు. ఇంటాయన తిట్టలేదు, కొట్టలేదు. పక్కన కూర్చోబెట్టుకుని నిదానంగా చెప్పాడు.

"తమ్మీ, బాయిల పొద్దంత నలుపే జూస్త. ఇంటికొచ్చినంక జర రంగు జూడనియ్యి. నాకు షాపుల ఉన్నదే గావాలె."

సేటుకు ఫోన్ చేశాను. షాపు వత్తు, అక్కడి నుంచి బయటపడు అన్నాడు. షాపు అని నొక్కాను. గది నిండా వెలుగొచ్చింది, అందరి మొహాలూ విచ్చుకున్నాయి, నాకు చాయ్ వచ్చింది. ఆ తెల్లారి నుంచి ప్రతి ఇంట్లో షాపే నొక్కాలని సేటు హుకుం. ఆ పద్ధతిలో ఒక చిక్కుంది. ఎవరైనా రంగు తగ్గించుకున్నా కాసేపటికి టీవీ తనంతట తానే మళ్లీ షాపు రంగులకు పోతుంది. ఎవరూ అడగలేదు. అడిగితే, కండ్లకు అలవాటైతది అక్కా అని చెబుదామనుకున్నాను.

అడిగిన మనిషి మా ఇంట్లోనే దొరికింది. మా అమ్మ బట్టలు కుట్టేది. మా నాయిన మా చిన్నప్పుడే పోయాడు. జనగామ స్టేషన్ వెనక గల్లీలో రెండు గదుల ఇంట్లో కుట్టుమిషన్ మీదే మా ఇద్దరన్నదమ్ములను పెంచింది. చాచా స్వయంగా సరిచేసి ఇచ్చిన డబ్బా టీవీ మా ఇంట్లో ఉండేది. ఎక్స్‌చేంజ్ ఆఫర్‌లో దాన్ని ఇచ్చేసి చవక రకం ఫ్లాట్ టీవీ తెచ్చాను. షోరూంలో పనిచేసేవాడి ఇంట్లో డబ్బా ఉంటే నామోషీ అనిపించింది. అమ్మ దాని ముందు కూర్చుని, కుడుతున్న జాకెట్టు ముక్కను తెర పక్కన పెట్టి చూసింది.

"పెద్దోడా, గీ పచ్చ యాడా లేదురా. ఏ బట్టలకూ గీ రంగు రాదు. కండ్లు గుంజుతున్నయ్, జర తగ్గియ్యి" అంది.

దారం రీళ్ల పెట్టెలోంచి ఒకే రంగులో ఐదారు తేడాలు వెతికి, బట్టకు సరిపడే దారం పట్టుకునే మనిషి. ఆమెకు నేను కోటీ అరవై ఏడు లక్షల పాట పాడాను.

"పాతదానికి అలవాటు పడ్డవ్ అమ్మా. అసలు రంగులు గిట్లనే ఉంటయ్" అన్నాను.

తమ్ముడు నవ్వి, అమ్మ పక్షం తీసుకున్నాడు. వాడు డిగ్రీ చదువుతుండేవాడు. శిబిరంలో కూర్చునేవాడు, పాటలు పాడేవాడు, ఊరేగింపులో ముందుండేవాడు. అన్నా, నీ టీవీల తెలంగాణ కనవడ్తలేదు, పూలే కనవడ్తున్నయ్ అని ఆటపట్టించేవాడు. వాడు ఎగతాళి చేసినా నాకు ఒళ్లు పొంగేది. వాడంటే అంత ఇష్టం నాకు.

హైదరాబాద్‌లో పెద్ద ర్యాలీ ఉందని ఒకరోజు పొద్దున రైలుకు ఇద్దరు స్నేహితులతో వెళ్లాడు. అమ్మ పండక్కి కుట్టిన చొక్కా వేసుకున్నాడు. మెహందీ రంగు చొక్కా. ఆకుపచ్చలో మట్టి కలిపినట్టు ఉండే రంగది, అంత తేలిగ్గా కంటికి ఆనదు. గుంపుల కనవడని రంగేసుకొని పోతున్న, పోలీసులు పట్టరు అని నవ్వుకుంటూ చెప్పులేసుకున్నాడు.

ఆ సాయంత్రం ఐదింటికి అమ్మా నేనూ టీవీ ముందున్నాం. మధ్యాహ్నం నుంచి తమ్ముడి ఫోన్ కలవడం లేదు. తెర మీద పొగ, ఉరుకులాట, లాఠీలు. ఒకచోట ఇద్దరు పిల్లలు ఇంకొకడిని చేతులూ కాళ్లూ పట్టి మోసుకుపోతున్నారు. మొహం పక్కకు వాలి ఉంది. మొహం ఉండాల్సిన చోట నల్లటి ముద్ద తప్ప ఏమీ లేదు. చొక్కా మాత్రం చిలకపచ్చగా మెరుస్తోంది.

అమ్మ మిషన్ మీంచి లేచింది. "చిన్నోడు" అంది.

"కాదమ్మా" అన్నాను.

వార్తల్లో అదే ముక్క మళ్లీ వేశారు. అమ్మ తెర దగ్గరికి వెళ్లి వేలు పెట్టింది.

"నా కుట్టురా గది. భుజం జూడు. వాని ఎడమ భుజం కిందికుంటదని నేనే మడతేసి కుట్టిన. మెడ జూడు."

అప్పుడు నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నాకు నామీద అసహ్యమే. లేచి వెళ్లి, అమ్మ వేలు పక్కకు జరిపి, గిరాకీకి చెప్పినట్టు చెప్పాను. తెర మీద చేయి తిప్పుతూ చెప్పాను.

"అమ్మా, వాడేసుకున్నది మెహందీ రంగు. గిది చిలకపచ్చ. రంగు సాఫ్ కనవడుతుంది గద. వాడు కాదు."

"రంగు కాదురా, భుజం జూడుమంటున్న."

"నేను టీవీలోన్ని అమ్మా. నాకు తెల్వదా" అన్నాను.

ఆ టీవీ షాపు రంగులో ఉందని, దాన్ని అట్లా పెట్టింది నేనేనని, ఆ రంగులో మెహందీ చిలకపచ్చగానే కనిపిస్తుందని ఆ నిమిషంలో నాకు తట్టనే లేదు. ఒట్టేసి చెబుతున్నాను, తట్టలేదు. ఊళ్లలో చెప్పిన అబద్ధం ఎన్నిసార్లు చెప్పానో, అది నాకే నిజమైపోయింది. వాడు కాకూడదని మనసులో ఉండడం ఒక కారణం అనుకుందామన్నా పూర్తిగా అదీ కాదు. బట్టలు కుట్టుకునే మనిషికంటే నాకు ఎక్కువ తెలుసని గట్టిగా నమ్మాను.

మర్నాడు బంద్. రైళ్లు లేవు, బస్సులు లేవు. అమ్మ సంచిలో జత బట్టలు పెట్టుకుని గడపలో నిలబడింది. "షోరూం బండి మీద తీస్కపో. ఒక్కసారి పోయి జూసొద్దాం" అంది. దారంతా కంపలు వేసి ఆపుతున్నారని, స్నేహితుల హాస్టల్లో పడుకుని ఉంటాడని, ఫోన్ చార్జింగ్ అయిపోయి ఉంటుందని చెప్పాను. బండి మీద పోతే రెండున్నర గంటల దారి. పోగలిగేవాణ్ణి. పోకుండా షోరూంకు వెళ్లాను. ర్యాలీలో ఏమైందో చూడడానికని ఎగబడి వచ్చిన జనానికి టీవీలు అమ్మాను. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అమ్మ సంచి మోకాళ్ల మీద పెట్టుకుని పొద్దున కూర్చున్నచోటే కూర్చుని ఉంది.

మూడో రోజు పొద్దున ఫోన్ వచ్చింది. వాడితో వెళ్లిన ఇద్దరిలో ఒకడు. తమ్ముణ్ణి మోసుకుపోయి దవాఖానలో దింపగానే, పేరు రాయించే లోపే వాళ్లిద్దరినీ పోలీసులు పట్టుకుపోయారట. అప్పుడే వదిలారు. "అన్నా, టీవీల జూసి మీరొచ్చి ఉంటరనుకున్నం" అన్నాడు.

దవాఖానలో వాడు పేరు లేని మనిషిగా పడి ఉన్నాడు. పోలీసులు పేల్చిన బాష్పవాయువు గుండు వచ్చి ఎడమ కంటి దగ్గర తగిలింది. తలకు దెబ్బ తగిలి మగతలో ఉండడంతో పేరు చెప్పలేకపోయాడు. తలకు చేయాల్సింది చేశారు. కంటికి ఆపరేషన్ అంటే ఇంటివాళ్ల సంతకం కావాలని ఆపారు. డాక్టరు చిన్న వయసాయన. కోపం లేకుండానే అడిగాడు.

"నిన్న పొద్దున వచ్చినా ప్రయత్నం చేసేవాళ్లం. ఇద్దరు పట్టుకుని మోస్తున్నది అన్ని చానళ్లలో వేశారు కదా. మీ ఇంట్లో టీవీ లేదా?"

పక్కనే ఉన్న అమ్మ నా వైపు చూస్తుందనుకున్నాను. చూడలేదు. నర్సు ఇచ్చిన ప్లాస్టిక్ కవర్లో కత్తెరతో కోసిన చొక్కా ఉంది. అమ్మ దాన్ని బయటికి తీసి, రక్తం ఎండిన చోట కాదు, భుజం దగ్గర మడత వేసి కుట్టిన చోట వేలితో తడిమింది. తర్వాత మళ్లీ కవర్లో పెట్టింది. ఆ రోజు గాని, ఆ తర్వాత గాని, నేను చెప్పలేదా అని నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. నాలుగు చెంపదెబ్బలు కొట్టినా ఓర్చుకునేవాణ్ణి.

వాడికి ఆ కంటి చూపు మళ్లీ రాలేదు. నేను షోరూం మానేశాను. సేటు మంచి మాటలు చెప్పి ఆపాలని చూశాడు. చాచా దగ్గరికి పోదామని మానుకోట వెళితే ఆయన దుకాణంలో ఫోన్లకు రీచార్జులు చేస్తున్నారు. కొన్నాళ్లు కరెంటు పనులు చేశాను. ఇప్పటికీ అవే చేస్తున్నాను. ఇంట్లో టీవీని మాత్రం ఇల్లు అనే పద్ధతికి మార్చాను. ఆ పని అరనిమిషంలో అయిపోయింది. ఆ అరనిమిషం నాకు ముందు దొరకలేదు.

తమ్ముడు ఒక కంటితోనే పరీక్షలు రాశాడు. మళ్లీ శిబిరానికి పోయాడు. గ్లాసులో నీళ్లు పోస్తే బయట పడేవి, మెట్టు ఎంత దూరముందో అందేది కాదు. దానికీ జోకులే వేసేవాడు. ఆ నవ్వు విన్నప్పుడల్లా నేను ఏదో పని కల్పించుకుని బయటికి పోయేవాణ్ణి. ఆ సాయంత్రం సంగతి వాడికి అమ్మ చెప్పి ఉంటుందా, లేదా అని రోజూ వాడి మొహంలో వెతికేవాణ్ణి. తెలిస్తే వాడు నన్ను అన్నా అని పిలుస్తాడా అన్నదే నా భయం. అంతకు మించిన పెద్ద ఆలోచనలు నాకేమీ లేవు.

రాష్ట్రం వచ్చిన రోజు ముగ్గురం టీవీ ముందే ఉన్నాం. బజారంతా డప్పులు. తెర మీద పటాకులు, రంగులు, ఎగిరే జనం. వాడు తల కొంచెం ఎడమకు తిప్పి, ఉన్న కన్నును తెరకు ఎదురుగా పెట్టి చూస్తున్నాడు. అమ్మ మిషన్ దగ్గర కూర్చుని గుండీలు కుడుతోంది. పాత ఊరేగింపుల ముక్కలు వేస్తున్నారు. ఎక్కడో పొగ, ఉరుకుతున్న పిల్లలు. వాడు మామూలుగా అడిగాడు.

"అన్నా, ఆ దినం నన్ను మోస్కవోయేది టీవీల వేసిండ్రట గద. దోస్తులు చెప్తరు. మీకు కనవడ్డనా?"

కనబడ్డావు అంటే తర్వాతి ప్రశ్న ఏమిటో నాకు తెలుసు. వాడు తెర మీంచి చూపు తిప్పి నా వైపు చూడబోతున్నాడు.

"యాడిది బిడ్డా" అంది అమ్మ, దారం కొరికి. "ఆ పొద్దు మనింట్ల కరెంటే లేకుండె. కనవడితే నేను గుర్తువట్టకపోదునా?"